రేలపెంట ఎలుగమ్మ: అడిగి తెచ్చుకున్న అడవి

నల్లమల తూర్పు అంచున అటవీ శాఖ తనిఖీ గేటు దాటి, కాలిబాటన ఐదు కిలోమీటర్లు ఎక్కితే రేలపెంట వస్తుంది. పెంట అంటే చెంచుల ఊరు. పద్దెనిమిది ఇళ్లు, ఒక చేతిపంపు, ఒక చిన్న బడి, వాటి వెనుక కొండవాలంతా రేల చెట్లు. వైశాఖంలో వచ్చినవారికి ఆ వాలు పసుపు ఆరబోసినట్టు కనిపిస్తుంది. మిగిలిన నెలల్లో వచ్చినవారు మూరెడు పొడవున వేలాడే నల్లటి కాయలను చూసి సరిపెట్టుకోవాలి.

అమ్మవారికి గోపురం లేదు, గర్భగుడి లేదు. తలుపు లేదు కనుక తాళం కూడా లేదు. వాలు మధ్యలో రెండు నిలువుల ఎత్తున నల్లరాయి ఒకటి, వంగి కూర్చున్న ఎలుగుబంటి ఆకారంలో ఉంటుంది. దాని పాదాల వద్ద వేసవిలోనూ ఎండని ఊట ఉంది. ఆ రాయే ఎలుగమ్మ. ఇక్కడ పూజ చేసేది పెంటలోని పెద్ద ఆడమనిషి. ప్రస్తుతం అంకమ్మగారు ఆ పనిలో ఉన్నారు. పొద్దు పొడిచినది మొదలు పొద్దు వాలేవరకే దర్శనం. ఆపైన అసలు ఎలుగులు నీళ్లకు వస్తాయి కనుక భక్తులు వాటికి దారి విడిచి దిగిపోవలెను.

ప్రసాదం విషయంలో ఒక హెచ్చరిక. ఇక్కడ ఇచ్చేది రేలకాయ. దానిని ఇంటికి తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టుకోవాలే గాని కొరకరాదు. లోపలి గుజ్జు తియ్యగానే ఉంటుంది, తిన్నవారి కడుపు మాత్రం తోమిన బిందె అవుతుంది. ఆ మధ్య ఒక భక్తుడు భక్తి ఎక్కువై రెండు కాయలు నమిలి, తిరుగు ప్రయాణంలో బస్సును నాలుగుచోట్ల ఆపించాడు. అందుకు అమ్మవారిని తప్పుపట్టి లాభం లేదు.

ఈ క్షేత్రంలో మొదటి నైవేద్యం కొబ్బరికాయ కాదు, ఒక మాట. వచ్చినవారు ఎంతటివారైనా రాయి ఎదుట నేల మీద కూర్చుని, "నాకు తెలియదు, చెప్పమ్మా" అని పైకి వినబడేలా అనాలి. కొండ కింద ఉన్న అటవీ శిక్షణ పాఠశాలవారు ఏటా కొత్త విద్యార్థులను చదువు మొదలుపెట్టే ముందు ఇక్కడికే తీసుకువస్తారు. ఆ మాట ముందుగా విద్యార్థులు అనరు. వారికి పాఠం చెప్పే గురువులు అంటారు. ఎందుకంటే ఇక్కడ పొరపాటు చేసినవాడు గురువు.

పూర్వం ఇక్కడ ఉన్నది అడవి కాదు, బోడికొండ. దిగువ సంస్థానాన్ని ఏలిన రాజుగారు కోట తలుపులకని కొన్నాళ్లు, దూలాలకని కొన్నాళ్లు, ఏనుగుల సాలకని కొన్నాళ్లు కొండ మీది మానులన్నీ కొట్టించారు. కోట చక్కగా లేచింది. ఐదో ఏటికి కొండ మీది నుంచి దిగే వాగు ఎండింది. ఎనిమిదో ఏట పెద్ద వాన పడి, పట్టి ఉంచే వేరు లేక మట్టి జారి దిగువ ఊళ్ల పొలాలు మేట వేశాయి. అప్పుడు రాజుగారికి భయం పట్టుకుంది. చెట్ల శాస్త్రం తెలిసిన పండితుడు కావాలని నాలుగు దిక్కులా కబురు పెట్టగా, కృష్ణ అవతలి ఒడ్డు నుంచి అరణిభట్టు వచ్చాడు.

అరణిభట్టు పన్నెండుమంది శిష్యులతో వృక్షవిద్య నేర్పే పాఠశాల నడిపేవాడు. ఆకు వాసన చూసి వేరు తెగులు చెప్పగలిగినవాడు. కష్టపడే మనిషి, అబద్ధం ఆడని మనిషి. ఒక్కటే లోపం. "నాకు తెలియదు" అన్న మాట అతని నోట విన్నవారు లేరు. తెలియని సంగతి ఎదురైనప్పుడు గొంతు సవరించుకొని ఏదో ఒక శ్లోకం చదివేవాడు. ఆ గుట్టు శిష్యులకు తెలుసు గాని, శిష్యులు కదా, తల ఊపి ఊరుకునేవారు.

రాజుగారు మూడు వానాకాలాలు గడువు పెట్టారు. ఆ లోపల కొండ మొలకెత్తితే దానిని ఎప్పటికీ అడవిగానే వదిలేస్తానన్నారు. మొలకెత్తకపోతే మిగిలిన మొద్దులు, వేళ్లు తవ్వి బొగ్గు కాల్చుకునేందుకు ఇనుప కొలిమివారికి ఇచ్చేస్తానన్నారు. వేళ్లు కూడా పోతే ఇక ఆ కొండ మీద మట్టి నిలవదని అరణిభట్టుకు తెలుసు. అయినా సరే అని ఒప్పుకున్నాడు.

ముందుగా రేల చెట్టును ఎంచుకున్నాడు. ఎండకు తట్టుకుంటుంది, పశువులు మేయవు, దాని నీడన తక్కిన చెట్లు లేస్తాయి. ఆ ఎంపికలో తప్పు లేదని చెంచులు ఈనాటికీ ఒప్పుకుంటారు. తర్వాత చేసిన పనే తప్పు. వాలు మీద ఉన్న చెంచుపెంటను అక్కడి నుంచి తీసేయించమని రాజుగారికి తాటాకు రాసి పంపాడు. వీళ్లు గడ్డలు తవ్వి నేలను గుల్ల చేస్తారని, తేనె కోసం పొగ పెడతారని, పళ్లూ కాయలూ ఏరుకుపోతారని అందులో రాశాడు. అది రాసేనాటికి అతను వాళ్లలో ఒక్కరితోనైనా మాట్లాడి ఎరుగడు.

భటులు వచ్చి ఒక్క పూటలో పదకొండు కుటుంబాలను కొండ దింపారు. పగలంతా నడిస్తే గాని చేరని నల్లరేగడి మైదానంలో, చెట్టన్నది లేనిచోట గుడిసెలు వేసుకోమన్నారు. దిగిపోతూ పెంటలోని పెద్ద ఆడమనిషి ఈదమ్మ అరణిభట్టు దగ్గర ఆగింది. ఆమె వెనుక మొగుడు బయన్న గంప మోస్తూ నిలబడ్డాడు. శిష్యులు నేల మీద ఆరబెట్టిన రేల గింజలను ఆమె చేతిలోకి తీసుకుని చూసి, "ఈటిని ఎవరు తిన్నారు సామీ?" అని అడిగింది. గింజలు ఎవరో దొంగిలించి తిన్నారని తనను నిలదీస్తున్నదేమో అనుకుని అరణిభట్టు మొహం తిప్పుకున్నాడు. ఆమె మరి రెండు క్షణాలు చూసి, గింజలు అక్కడే వదిలి దిగిపోయింది.

మొదటి వానాకాలం శిష్యులు గింజలను పాలతో కడిగి, గోమయంలో నానబెట్టి, శాస్త్రం చెప్పిన తిథి చూసి, తాడు పట్టి వరుసల్లో నాటారు. నూటికి రెండు మొలిచాయి. రెండో ఏడు నేల మార్చారు, తిథి మార్చారు, గోమయం బదులు తేనె వాడారు. నూటికి మూడు మొలిచాయి. పెంట పోయిన తర్వాత కొండ మీదికి ఎలుగులు ఎక్కువగా రావడం మొదలైంది. అవి చెదల కోసం మడులు తవ్వుతున్నాయని అరణిభట్టు డప్పులు తెప్పించాడు. శిష్యులు వంతులు వేసుకొని రాత్రింబవళ్లు వాయించారు. రెండో ఏడు చివరికి కొండ మీద ఎలుగు లేదు, మనిషి లేడు, మొలక లేదు. పన్నెండుమంది వృక్షశాస్త్ర విద్యార్థులు మాత్రం డప్పు కొట్టడంలో ఆరితేరారు.

మూడో వేసవి వచ్చింది. ఒకనాటి మధ్యాహ్నం అరణిభట్టు మడులన్నీ తిరిగి అలిసిపోయి, ఈ నల్లరాయి నీడన కూర్చుని కునుకు తీశాడు. ఆ కునుకులో రాయి కదిలినట్టయింది. ఒళ్లంతా నల్లటి జుట్టుతో ముసలమ్మ ఒకతె లేచి అతని ఎదుట కూర్చుంది. ఆమె కోపంగా లేదు. ఎండన పడి తిరిగివచ్చిన కొడుకును పలకరించినట్టు పలకరించింది.

"నా పిల్లల్ని దించావు, నన్ను తరిమావు, ఇంక ఎవరి కోసం నాటుతున్నావు నాయనా? గింజ నీ దగ్గర ఉంది, నేల నీ దగ్గర ఉంది. అడగడం ఒక్కటే లేదు. పోయి అడుగు. అడిగేటప్పుడు నేల మీద కూర్చో."

మెలకువ వచ్చేసరికి ఎదుట ముసలమ్మ లేదు, రాయి మామూలు రాయిలాగే ఉంది. దాని పాదాల వద్ద ఊట చెమ్మలో ఎప్పుడో ఎలుగు వేసిన పెంటికల కుప్ప ఒకటి ఉంది. అందులో నుంచి పదీపన్నెండు రేల మొలకలు తలెత్తి ఉన్నాయి. వాటికి పాలు పోసినవారు లేరు, తిథి చూసినవారు లేరు. అరణిభట్టు అలవాటు చొప్పున గొంతు సవరించుకున్నాడు గాని ఏ శ్లోకమూ గుర్తు రాలేదు. ఎవరు తిన్నారని ఈదమ్మ అడిగిన మాట మాత్రం గుర్తుకు వచ్చింది. అతనికి తల తీసేసినట్టయింది.

మర్నాడు తెల్లవారుతూనే ఒంటరిగా మైదానానికి నడిచాడు. పదకొండు కుటుంబాలలో ఏడే మిగిలాయి. కొందరు ఎటో వెళ్లిపోయారు, కొందరిని చలిజ్వరం తీసుకుపోయింది. ఈదమ్మ గుడిసె ముందు రాళ్ల కుప్ప ఒకటి ఎండలో ఉంది. కొండ మీద గంప మోస్తూ నిలబడ్డ బయన్న దాని కింద ఉన్నాడని ఎవరూ చెప్పకుండానే అరణిభట్టుకు అర్థమైంది. అక్కడే, ఆ వేడి మట్టి మీదే కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి ఆ మాట అన్నాడు.

"నాకు తెలియదు, చెప్పమ్మా."

ఈదమ్మ రాళ్ల కుప్ప వైపు చూస్తూ అంది: "ఆ మాట అనేదానికి రెండేండ్లు పట్టింది సామీ నీకు. మా బయన్న అంతదాకా ఆగలేకపోయినాడు."

అరణిభట్టు ఏడ్చాడు. ఈ క్షేత్ర కథ చెప్పేవారు ఆ సంగతి దాచరు. ఏడుపు ఆగిన తర్వాత ఈదమ్మ చెప్పడం మొదలుపెట్టింది. రేల గింజ పైపెంకు రాతిలాంటిది, నీళ్లు తాగదు. ఎలుగు కాయను గుజ్జుతో సహా తింటుంది, దాని కడుపు వేడికి గింజ పెంకు మెత్తబడుతుంది, అలా బయటపడ్డ గింజే తొలివానకు పగులుతుంది. ఎలుగు ఏ దారిన పోతుందో, ఎక్కడ కూర్చుంటుందో తమకు తెలుసునంది. గడ్డ తవ్వినా మళ్లీ మొలిచేందుకు దాని తలను గుంటలో పెట్టి మట్టి కప్పుతామని, నేల గుల్ల చేయడం అంటే అదేనా అని అడిగింది.

చివరకు ఆమె మూడు మాటలు అడిగింది. ముందు పెంట కొండెక్కాలి, గింజ సంగతి ఆ తర్వాత. డప్పులు ఆగాలి. తన దగ్గర విన్నది ఇంకొకరికి చెప్పేటప్పుడు ఎవరు చెప్పారో కూడా చెప్పాలి. అరణిభట్టు మూడింటికీ ఒప్పుకుని అటునుంచి అటే కోటకు వెళ్లాడు.

నిండు కొలువులో ఆ మాట ఎత్తడం అతనికి చిన్న పని కాదు. పెంటను దించమన్నది ఎవరు, ఇప్పుడు ఎక్కించమంటున్నది ఎవరు అని రాజుగారు అడిగారు. వానలు రాలేదనో, నేల మంచిది కాదనో నీళ్లు నమిలే వీలు ఉంది. అరణిభట్టు నమలలేదు. "రెండుసార్లూ నేనే. మొదటిసారి తెలియక, తెలుసనుకొని రాశాను" అన్నాడు. అతను వచ్చిననాడు తాము కప్పిన శాలువాను రాజుగారు తిరిగి తీసుకున్నారు. పెంటను ఎక్కనిచ్చారు గాని గడువు మార్చలేదు. ఈ వానలకు కొండ మొలకెత్తకపోతే పాఠశాలా పెంటా రెండూ లేచిపోవాలి, కొలిమివారు ఎక్కుతారు అన్నారు.

కొలిమివారు అంతవరకూ ఆగలేదు. తిత్తులు, పారలు తెచ్చి కొండ కింద విడిది చేశారు. పైన రోహిణి కార్తె ఎండలో ఈదమ్మ ముందు నడుస్తుంటే శిష్యులు వెనుక నడిచారు. డప్పులు ఆగిన కొద్దిరోజులకే ఎలుగులు పక్క కొండల నుంచి పాత దారులు పట్టాయి. ఆ దారుల వెంట ఎండిన పెంటికలు ఏరడం పని. అడవి మృగం పెంటిక ఎన్నడూ ముట్టని చేతులు మొదటిరోజు ముందుకు సాగలేదు. గురువుగారే ఉత్తరీయం పరిచి ఏరడం మొదలుపెట్టేసరికి శిష్యులకు వేరే దారి లేకపోయింది. వారం గడిచేసరికి ఏ మూటలో రేల గింజ ఎక్కువుందో, ఏ మూటలో చీమలెక్కువున్నాయో బరువు చూసి చెప్పగలిగారు.

ఈదమ్మ వరుసల్లో నాటనివ్వలేదు. ఎలుగు కూర్చునే చోట, రాయి పక్కన, పడిన మొద్దు నీడన పెట్టించింది. ఎందుకని శిష్యులు అడిగితే ఒక్కోచోటికి ఒక్కో కారణం చెప్పింది. వాళ్లు దానిని రాసుకుంటూ, పక్కన ఆమె పేరు రాసుకున్నారు. మృగశిర కార్తెలో వాన పడింది. మూడు రోజులు, ఐదు రోజులు, ఎనిమిది రోజులు గడిచాయి. కొలిమివారు కింద పారలకు పదును పెడుతున్న చప్పుడు పైకి వినిపించేది. అరణిభట్టుకు అన్నం సయించలేదు. ఈదమ్మ మాత్రం గడ్డలు కాల్చుకు తిని, పని చూసుకుంది.

పదో రోజు ఉదయం ఈ రాయి చుట్టూ మొదలై వాలంతా మొలకలు కనిపించాయి. రాజుగారి మనుషులు వచ్చి చూశారు. వరుసలు లేవు కనుక లెక్కపెట్టడం వారి వల్ల కాలేదు. చాలా ఉన్నాయని చెప్పడానికి కోటకు వెళ్లారు. కొలిమివారు తిత్తులు మడిచి వెళ్లిపోయారు. పెంట నిలిచింది.

ఆ శీతాకాలం అరణిభట్టు తాను నేర్చుకున్నదంతా గ్రంథంగా రాసి, ఈదమ్మకు చదివి వినిపించాడు. ఆమె చివరిదాకా విని, అంతా సరిగానే ఉందంది. "ఇందులో నేను యాడ ఉన్నా?" అని అడిగింది. శిష్యులు మూలల్లో రాసుకున్న పేరు గురువు గ్రంథంలోకి ఎక్కలేదు. అతను సిగ్గుపడి, మొదటి ఆకు తీసి ఊటలో వేశాడు. కొత్త ఆకు మీద మొదటి పంక్తిగా "చెంచు ఈదమ్మ చెప్పగా విన్నది" అని రాసి మళ్లీ చదివాడు. శాలువా ఎలాగూ పోయింది కనుక అతనికి ఈసారి అంత కష్టం కాలేదని పెంటలో నవ్వుతూ చెబుతారు.

రేల తొలిసారి పూసిన వైశాఖంలో ఈదమ్మ ఈ రాయి దగ్గర కూర్చుని, కొండ తిరిగి వచ్చింది గాని తన మొగుడు రాలేదంది. అరణిభట్టు ఆ మాట విని మైదానానికి దిగాడు. బయన్న రాళ్ల కింది మట్టిని కుండలో ఎత్తుకుని, ఒక పగలంతా నెత్తిన మోసి, తెచ్చి ఈ ఊట పక్కన పోశాడు. శిష్యులు మోస్తామన్నా ఇవ్వలేదు. దించినవాణ్ని నేను, ఎక్కించాల్సింది నేనే అన్నాడు. మట్టి తీసిన చోట ఈదమ్మ పంపిన గింజ నాటాడు. ఆ మైదానంలో పొలాల నడుమ ఈనాడు ఒంటరిగా కనిపించే రేల ఆ వంశానిదే.

ఇప్పటికీ ఏటా వైశాఖ పూర్ణిమ నాడు ఆ చెట్టు దగ్గర నుంచే ఎలుగమ్మ యాత్ర బయలుదేరుతుంది. అటవీ శిక్షణ పాఠశాల పెద్ద అక్కడి మట్టిని కుండలో నెత్తిన పెట్టుకుని కొండెక్కాలి. పాఠశాలలో అడవి మీద ఎవరు ఏ పరిశోధన చేసినా, అచ్చుకు పంపే ముందు ఈ రాయి ఎదుట తెలుగులో పెంటవారికి చదివి వినిపిస్తారు. చెప్పినవారి పేర్లు అందులో ఉండాలి. అంకమ్మగారు కాదంటే దిద్దుకుని మళ్లీ రావాలి. ఒక పరిశోధకుడు తేనెపట్టుల మీద రాసినది మూడుసార్లు దిద్దుకున్నాడు. మూడోసారి ఆయన రాసింది బాగుందని అందరూ అన్నారు.

ఈ కథ విన్నవారికి సకల సంపదలు కలుగుతాయని చెప్పే వాడుక ఈ క్షేత్రానికి లేదు. వచ్చి, కూర్చుని, అడిగినవారికి అమ్మ తప్పక చెబుతుందని పెద్దలు అంటారు. అడగకుండా తెచ్చిన గింజ ఈ వాలు మీద మొలవదని కూడా అంటారు.

పోయిన వైశాఖంలో పాఠశాలకు కొత్తగా వచ్చిన పెద్దసారుకు మోకాళ్ల నొప్పులు. గేటు దాకా కుండను జీపులో తేవచ్చునా అని అంకమ్మగారిని అడిగారు. "బయన్న జీపులో దిగలేదు కదా సారూ" అని ఆమె మెల్లగా అన్నారు. ఆయన కుండ ఎత్తుకుని, ఆగి ఆగి, విద్యార్థులందరికంటే వెనుక కొండెక్కారు. ఊట దగ్గర కుండ దించి, నేల మీద కూర్చుని, రొప్పుతూనే "నాకు తెలియదు, చెప్పమ్మా" అన్నారు. అంకమ్మగారు ఏటా చేసినట్టే ముందు మట్టిని రెండు చేతులా ఊట పక్కన పోసి, దాని మీద అరచేయి ఆనించి, దానితో మాట్లాడారు.

"వచ్చేసినాం బయన్నా. ఇదిగో, ఇల్లు."